‘పోతే పోయిందిలే’ అనకండి



ఈ వారం సెల్‌ఫోన్ దొంగతనం గురించి రాస్తున్నాము. ఆత్మీయ సంగతులు రాసుకునే చోట ఇదేమి విషయం అని కొందరికి అనిపించవచ్చు. కానీ మార్టూరు బస్టాండులో జేబు కొట్టించుకున్నవారు, మిరప కోతల్లో సంచిలో పెట్టిన ఫోన్ పోగొట్టుకున్నవారు, చీరాలలో రైలు ఎక్కే తోపులాటలో ఫోన్ జారిపోయినవారు ప్రార్థన కోసం మా దగ్గరకు వస్తూనే ఉంటారు. వచ్చిన వారిలో ఎక్కువమంది చివరికి అనే మాట ఒక్కటే. “పోతే పోయిందిలే అయ్యగారూ, దేవుడు చూసుకుంటాడు.”

ఆ మాట వినడానికి భక్తిగానే ఉంటుంది. అయినా అది సరైన మాట కాదని మా అభిప్రాయం. ఫోన్ పోయినప్పుడు మౌనంగా ఉండటం ఓర్పు అనిపించుకోదు. దానివల్ల మీకు నష్టం, మీ పొరుగువారికి నష్టం, ఏ పాపం ఎరుగని మూడో మనిషికి మరింత నష్టం. ఈ ముగ్గురినీ కాపాడే దారి ఒకటే. వెంటనే కదలడం, చట్టప్రకారం ఫిర్యాదు చేయడం. ఎందుకో వివరంగా చెబుతాము.

పోయింది ఫోన్ ఒక్కటే కాదు

పదేళ్ల క్రితం ఫోన్ పోతే మాట్లాడే సాధనం పోయేది. ఇప్పుడు అలా కాదు. కోతకు వెళ్ళిన తల్లికి వారం కూలి మేస్త్రి ఫోన్‌పేలో వేస్తున్నాడు. గుంటూరు యార్డులో కాయలు అమ్మిన రైతుకు డబ్బు పడినట్టు మెసేజ్ ఆ ఫోన్‌కే వస్తుంది. గ్యాస్ బండకు, ఆధార్ పనికి, బ్యాంకు పనికి ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ఆధార్ కార్డు, ఏటీఎం కార్డు, పాస్‌బుక్కు మొదటి పేజీ ఫోటోలు తీసి ఫోన్‌లోనే దాచుకుంటున్నాము. కొందరైతే పిన్ నంబరు కూడా పేర్ల మధ్య సేవ్ చేసి ఉంచుతున్నారు.

దొంగకు మీ ఫోన్ తాళం తీయడం రాకపోవచ్చు. కానీ అందులోని సిమ్ముకార్డు తీసి వేరే ఫోన్‌లో వేయడం అతనికి ఒక్క నిమిషం పని. మీకు రావలసిన ఓటీపీలన్నీ ఇక అతనికే వస్తాయి. కనుక పోయిన వస్తువు విలువ పదివేలా ఇరవైవేలా అని లెక్క వేసుకోకండి. మీ ఇంటి తాళంచెవి పోయిందని అనుకోండి.

లూకా సువార్త 15వ అధ్యాయంలో పది నాణెముల స్త్రీ మనందరికీ తెలుసు. ఒక్క నాణెము పోతే ఆమె మిగతా తొమ్మిది ఉన్నాయిలే అని కూర్చోలేదు. దీపం వెలిగించింది, ఇల్లు ఊడ్చింది, దొరికేదాకా వెదికింది. పేదరాలి కష్టార్జితాన్ని వెదకడం ప్రభువుకు చిన్న విషయంగా కనబడలేదు. మరి మనకెందుకు చిన్న విషయం కావాలి?

మొదటి గంట, మొదటి రోజు

ఏం చేయాలో వరుసగా చెబుతాము. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత పెద్దవారికి చదివి వినిపించండి.

మొదట పక్కవారి ఫోన్ నుండి మీ నంబరుకు ఒకసారి రింగ్ చేయండి. ఆటోలో జారిపోయి ఉండవచ్చు, కొట్టులో మరచి ఉండవచ్చు. స్విచాఫ్ అని వచ్చినా, ఎవరో ఎత్తి పెట్టేసినా ఇక ఆలస్యం చేయకండి.

రెండవది, సిమ్ము ఆపించండి. మీ నంబరు ఏ కంపెనీదో ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కు చేయండి, లేదా దగ్గరలోని వారి దుకాణానికి ఆధార్ తీసుకొని వెళ్ళండి. కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెదికి కనబడిన మొదటి నంబరుకు మాత్రం చేయవద్దు. దొంగ నంబర్లు పెట్టుకొని కాచుకొని ఉండేవారు అక్కడ చాలామంది. ఒక మోసంలో నుండి ఇంకో మోసంలో పడతారు.

మూడవది, బ్యాంకు. పాస్‌బుక్కు మీద, ఏటీఎం కార్డు వెనుక ఉన్న నంబరుకు చేసి ఫోన్ పోయిందని, యూపీఐ ఆపమని చెప్పండి. బ్యాంకు తెరిచి ఉంటే మనిషి వెళ్ళి కాగితం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే 1930కు ఫోన్ చేయండి. అది దేశమంతటికీ ఉన్న సైబర్ నేరాల సహాయ నంబరు. డబ్బు దొంగ ఖాతా నుండి బయటకు పోకముందే ఆపగలిగేది తొందరగా చేసినవారికే.

తొందర ఎందుకో ఒక ఉత్తర్వు చూస్తే తెలుస్తుంది. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆ ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారుడి తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడోవాడు చేసిన మోసంలో డబ్బు పోతే, మెసేజ్ వచ్చిన తరువాత 3 పనిదినాలలోపు బ్యాంకుకు తెలిపినవారు నష్టం భరించనక్కరలేదు. 4 నుండి 7 పనిదినాలలో తెలిపితే ఖాతాను బట్టి కొంత నష్టం మనమీద పడుతుంది. పిన్ చెప్పడం వంటి మన అజాగ్రత్త వల్ల పోయినా సరే, బ్యాంకుకు తెలిపిన తరువాత పోయిన డబ్బుకు బ్యాంకుదే బాధ్యత. అంటే మీరు చెప్పిన సమయమే అక్కడ గీత. ‘రేపు చూద్దాంలే’ అన్న మాటకు ఎంత ఖరీదో గమనించండి.

నాలుగవది, ఇంటిలోని వేరే ఫోన్‌లో మీ గూగుల్ ఖాతా తెరవగలిగితే, ఫోన్ ఎక్కడుందో చూపే సదుపాయం ఉంది. దూరం నుండే తాళం వేయవచ్చు, లోపలిదంతా చెరిపివేయవచ్చు. ఐఫోన్‌కూ ఇలాంటిదే ఉంది. కానీ మ్యాపులో చుక్క కనబడిందని నలుగురు కుర్రాళ్ళను వెంటేసుకొని ఆ ఇంటి మీదికి పోవద్దు. ఆ చుక్క పక్కింటిని చూపించవచ్చు. ఆ పని పోలీసులకు వదలండి.

ఐదవది, పోలీసు ఫిర్యాదు. ఫోన్ కంపెనీ పేరు, రంగు, నంబరు, ఎక్కడ ఎప్పుడు పోయిందో, ఐఎంఈఐ నంబరు రాసి ఇవ్వండి. ఐఎంఈఐ అంటే ప్రతి ఫోన్‌కూ ఉండే 15 అంకెల గుర్తు. ఫోన్ కొన్న పెట్టె మీద, బిల్లు మీద ఉంటుంది. దొంగిలించారని మీకు తెలిస్తే దొంగతనమనే రాయండి. జారిపోయిందో పోలేదో తెలియకపోతే తెలియదనే రాయండి. ఫిర్యాదులోనూ మన మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టుండాలి.

ఆరవది, అదే నంబరుతో కొత్త సిమ్ము తీసుకోండి. తీసుకున్న తరువాత 24 గంటలు మెసేజులు రావు. సిమ్ము చెడిపోయిందని కంగారు పడవద్దు. మోసగాళ్ళు మీ పేరుతో సిమ్ము తీసి వెంటనే ఓటీపీలు దోచుకోకుండా పెట్టిన నియమమది. కొత్త సిమ్ముతో వాట్సాప్ తెరిస్తే పాత ఫోన్‌లో వాట్సాప్ ఆగిపోతుంది.

ఏడవది, సంచార్ సాథీ. కేంద్ర టెలికాం శాఖ 2023 మే నెలలో దీనిని దేశమంతటికీ తెచ్చింది. 2025 జనవరిలో యాప్ కూడా వచ్చింది. అందులో సీఈఐఆర్ అనే విభాగంలో పోలీసు ఫిర్యాదు కాపీ, ఐఎంఈఐ, మీ వివరాలు పెడితే ఆ ఫోన్‌ను దేశంలోని ఏ కంపెనీ సిమ్ము వేసినా పనిచేయకుండా ఆపివేస్తారు. అలా ఆపిన ఫోన్‌లో ఎవరైనా సిమ్ము వేస్తే ఆ సంగతి పోలీసులకు తెలుస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు దొరికిన ఫోన్లను బల్లల మీద పరిచి సొంతదారులకు అప్పగిస్తున్న ఫోటోలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాము. ఫిర్యాదు చేసినవారి ఫోన్లే అలా తిరిగి వచ్చేది. మీది దొరికినప్పుడు అదే చోట మళ్ళీ తెరిపించుకోవడం మరువకండి.

క్షమించడం వేరు, దాచిపెట్టడం వేరు

కొందరు విశ్వాసులు మమ్మల్ని అడుగుతారు. “క్షమించమన్నాడు కదా ప్రభువు, మరి కేసు పెట్టవచ్చా?”

మంచి ప్రశ్నే. క్షమాపణ మన హృదయంలో జరిగేది. ఆ దొంగ మీద పగ పెట్టుకోకుండా, వాడు మారాలని ప్రార్థించడం క్షమాపణ. కానీ జరిగిన నేరాన్ని జరగనట్టు దాచిపెట్టడాన్ని క్షమాపణ అనలేము. మీరు ఫిర్యాదు చేయకపోతే వాడు రేపు అదే బస్టాండులో ఇంకొక తల్లి సంచి కోస్తాడు. మీ వస్తువును మీరు వదులుకోవచ్చు. ఆ తల్లి వస్తువును వదులుకునే హక్కు మీకు ఎవరు ఇచ్చారు?

అపొస్తలుడైన పౌలును చూడండి. ఆయన శ్రమలను ఓర్చుకున్నవాడే. అయినా కొరడాలతో కొట్టబోయినప్పుడు తాను రోమా పౌరుడనని చెప్పాడు. న్యాయం దొరకదని తెలిసినప్పుడు కైసరు ఎదుటే చెప్పుకుంటానన్నాడు. దేశపు చట్టం ఇచ్చిన హక్కును వాడుకోవడం ఆయన విశ్వాసానికి అడ్డు రాలేదు.

దీనిలో ఇంకో సంగతి ఉంది. చాలామంది ఫిర్యాదు చేయకపోవడానికి అసలు కారణం ఓర్పు కాదు, భయం. స్టేషను మెట్లెక్కాలంటే భయం. మన మాట ఎవరు వింటారన్న నిరాశ. ఒక పూట కూలి పోతుందన్న దిగులు. ఆ భయానికి భక్తి అనే గుడ్డ కప్పుతున్నాము. కూలివారిని మేము తప్పుపట్టడం లేదు. ఆ భయం తీసివేయవలసింది సంఘమే అంటున్నాము.

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షన్ మనకు కొన్ని సంగతులు స్పష్టంగా ఇచ్చింది. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా, మీరు వెళ్ళిన స్టేషనులో సమాచారం ఇవ్వవచ్చు. ఎఫ్ఐఆర్ నమోదైతే కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో రాసి పంపవచ్చు. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు. రైలులో పోతే 139కు ఫోన్ చేయవచ్చు.

అనుమానం అనే రెండవ దొంగతనం

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి. మేము ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం ఇదే.

మా ప్రాంతంలో ఒక మిరప చేలో ఇలా జరిగింది. గట్టు మీద క్యారేజీ సంచిలో పెట్టిన ఫోన్ సాయంత్రానికి కనబడలేదు. ఫోన్ పోయిన ఇంటివారు పోలీసుల దగ్గరకు వెళ్ళలేదు. బ్యాంకుకు చెప్పలేదు. పక్క చేలో కర్నూలు వైపు నుండి వలస వచ్చి కోత కోస్తున్న ముఠా ఉంది. పది మంది వెళ్ళి వారి మూటలు విప్పించారు. బట్టలు, గిన్నెలు, బియ్యం నేలమీద పోయించారు. పదిహేనేళ్ళ ఆడపిల్ల సంచి కూడా అందరి ముందు దులిపించారు. ఏమీ దొరకలేదు. మూడు రోజులకు ఫోన్ వారు వచ్చిన ఆటోలోనే సీటు కింద ఇరుక్కొని దొరికింది. అప్పటికి ఆ ముఠా కల్లం ఖాళీ చేసి వెళ్ళిపోయింది. వారి దగ్గరకు వెళ్ళి తప్పయిందని చెప్పినవారు ఎవరూ లేరు.

ఫోన్ దొరికింది కదా అని ఆ ఇంట్లో సంతోషించారు. ఆ పిల్ల పోగొట్టుకున్నది ఏ ఫిర్యాదు మీద తిరిగి వస్తుంది?

మనదగ్గర ఏ వస్తువు పోయినా అనుమానం ఒకే వైపు పరుగెత్తుతుంది. గ్రానైటు ఫ్యాక్టరీలో పనికి ఉత్తరాది నుండి వచ్చిన కుర్రాడి మీదికి, ఊరి చివర గుడిసెలో ఉన్న యానాదుల మీదికి, ఎరుకల వారి మీదికి. చీరాలకూ బాపట్లకూ మధ్య ఉన్న స్టువర్టుపురం కథ మనకు దూరం కాదు. ఇంగ్లీషు ప్రభుత్వం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులని చట్టం రాసింది. ఆ చట్టం కింద 1910ల్లో ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ ఉంచారు, నడిపించే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. 1952లో ఆ చట్టం రద్దయింది. కాగితం మీద రద్దయింది గానీ మన నాలుక మీద అయిందా? ఆ ఊరి పేరు చెప్పగానే నవ్వే నవ్వులో ఆ చట్టం ఇంకా బతికే ఉంది. అక్కడ చదువుకొని ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు ఆ నవ్వును ఇప్పటికీ మోస్తున్నారు.

ఇంకొందరు అంజనం వేయించడానికి పోతారు. తమలపాకులో కాటుక పెట్టి ఎవరి ముఖమో కనబడిందని చెబితే నమ్ముతారు. ఆకులో కనబడేది చాలాసార్లు మన మనసులో అప్పటికే ఉన్న ముఖమే. ఒక కుటుంబానికి ఊళ్ళో తలెత్తుకోలేని పరిస్థితి రావడానికి ఆ ఒక్క ఆకు చాలు.

అందుకే ఫిర్యాదు చేయమంటున్నాము. ఐఎంఈఐ నంబరుకు కులం తెలియదు, ఊరు తెలియదు. ఫోన్ ఎవరి చేతిలో పనిచేస్తున్నదో అది చెబుతుంది. చట్టప్రకారం వెదికితే నిజం దొరికే అవకాశం ఉంది. దొరకకపోయినా ఒక నిర్దోషి మీద నింద పడదు. ఫిర్యాదు దొంగను పట్టడానికే అని అనుకుంటాము. దొంగ కానివారిని కాపాడేది కూడా అదే.

కొనే చేయి లేకపోతే దొంగ చేయి లేదు

దొంగిలించిన ఫోన్‌ను దొంగ దాచుకోడు, అమ్ముతాడు. ఎవరు కొంటున్నారు? ఇరవైవేల ఫోన్ నాలుగువేలకు వస్తున్నదంటే, బిల్లు లేదు, పెట్టె లేదు, ఛార్జరు లేదంటే, దాని సంగతి మనకు తెలియదా? తెలిసీ తెలియనట్టు కొంటున్నాము. మా యువకులకు ఇది ముఖ్యంగా చెబుతున్నాము. దొంగసొత్తని తెలిసి, లేక అలా అనుకోవడానికి కారణం ఉండి కూడా తీసుకుంటే, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం 3 సంవత్సరాల వరకు జైలు. దొంగతనానికి 303వ సెక్షన్‌లో మామూలుగా ఉన్న శిక్ష కూడా 3 సంవత్సరాల వరకే. చట్టం ఇద్దరినీ ఒకే తూకంలో వేసింది.

పాత ఫోన్ కొనడం తప్పు కాదు. కానీ కొనేముందు ఆ ఫోన్‌లో *#06# నొక్కండి, ఐఎంఈఐ కనబడుతుంది. దానిని సంచార్ సాథీలో పెట్టి చూస్తే ఆ ఫోన్ సరైనదో, ఆపివేసినదో చెబుతుంది. అమ్మిన మనిషి చేత సంతకంతో కాగితం రాయించుకోండి. కాగితం రాయనంటే ఫోన్ అక్కడే వదిలి రండి.

దారిలో దొరికిన ఫోన్ సంగతి కూడా ఇదే. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, తప్పిపోయిన ఎద్దును గానీ గొఱ్ఱెను గానీ చూసి చూడనట్టు పోకూడదని, సొంతదారునికి చేర్చాలని, అతడెవరో తెలియకపోతే వచ్చేదాకా ఇంట భద్రం చేయాలని ఆజ్ఞ ఉంది. పోయిన వస్తువు ఏదైనా అంతే. దొరికిన ఫోన్ స్విచాఫ్ చేసి సిమ్ము తీసి పారేసినవాడు తాను దొంగిలించలేదని చెప్పుకోలేడు. ఫోన్ మోగితే ఎత్తండి. మోగకపోతే స్టేషనులో ఇవ్వండి.

సంఘం చేయగలిగినది

ప్రియులారా, పోయినవారికి మనం ఇచ్చే ఓదార్పు మాటలతో ఆగకూడదు. మూడు పనులు కోరుతున్నాము.

వచ్చే ఆదివారం ఆరాధన తరువాత యువకులు కూర్చొని పెద్దవారి ఫోన్లలో *#06# నొక్కి, ఆ 15 అంకెలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ కాగితం ఇంట్లో బైబిలు చివరి పేజీలో పెట్టుకోండి. పిన్ నంబర్లు మాత్రం ఎవరికీ చెప్పవద్దు, ఎక్కడా రాయవద్దు, మాకు కూడా చెప్పవద్దు. ఫోన్‌కు తాళం పెట్టించండి. కార్డుల ఫోటోలు తీసివేయించండి.

రెండవది, ఎవరి ఫోన్ అయినా పోతే ఒంటరిగా స్టేషనుకు పంపవద్దు. చదువు వచ్చినవారు ఒకరు తోడు వెళ్ళండి, ఫిర్యాదు రాసిపెట్టండి. మరుసటి రోజు సంచార్ సాథీలో పెట్టేదాకా ఆ ఇంటిని వదలవద్దు. కూలిపని చేసే సహోదరికి ఒక పూట మీరు ఇచ్చే తోడు, మీరు వేసే చందా కన్నా పెద్ద కానుక.

మూడవది, మూటలు విప్పించడానికి గుంపు కదిలిన రోజున మన సంఘస్థులు ఆ గుంపులో ఉండకూడదు. ఎదురు నిలబడి, “పదండి, ముందు ఫిర్యాదు రాద్దాం” అనేవారు మనవారై ఉండాలి. గుంపులో ఒక్క మనిషి ఆ మాట అంటే చాలు, మిగతావారి కాళ్ళు నెమ్మదిస్తాయి.

ప్రభువు మీ కష్టార్జితాన్ని కాపాడును గాక. మన చేతులను దొంగసొత్తు నుండి, మన నాలుకలను నింద నుండి కాపాడును గాక. ఆమేన్.